పల్చటి తెలుపు

మొయినాబాద్‌లో నా పెయింట్ షాపుకు వచ్చినప్పుడల్లా అతను స్ప్రే డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపలి గోలీ చప్పుడు నచ్చితేనే కొనేవాడు. ఇళ్లకు రంగులు వేయడం అతని కూలి పని. ఊళ్ల గోడల మీద దొంగచాటుగా మనుషుల బొమ్మలు వేయడం అతని పిచ్చి.

చిన్న మంగళారం ఊళ్లో అతని ఇంటివాళ్లు అమ్ముకున్న మెట్టచేను, వాళ్ల చెలక, ఇప్పుడొక ఫామ్‌హౌస్. దాని ప్రహరీ మీద, చనిపోయిన తన తల్లి కలుపు తీస్తున్నట్టు బొమ్మ వేశాడు. వేసిందెవరో తెలియని యజమాని, దాన్ని చెరిపే పని అతనికే అప్పజెప్పాడు. కాదంటే దొరికిపోతాడు.

"పల్చటి తెలుపు ఇయ్యన్నా," అన్నాడు ఆ రోజు. "వాన వడితే అవ్వ మల్ల కనవడాలె."

నా షాపులో పల్చటి రంగు అడిగి కొన్నవాడు అతనొక్కడే. మొదటి వానకే ఆమె ముఖం బయటపడింది. యజమాని తిట్టి, మళ్లీ అతన్నే పిలిపించాడు.

ఈసారి వచ్చినప్పుడు స్ప్రే డబ్బాల వైపు చూడనైనా లేదు.

"అన్నిట్ల చిక్కటిది ఇయ్యన్నా," అన్నాడు. "ఇంకొక్కపారి అవ్వ మొఖం మీద తెలుపు కొట్టుడు నాతోని కాదు."