గోడ మీది టమాట విత్తనం

మొన్న మా ఆవిడ టమాట పప్పులోకి చింతపండు నానబెడుతుంటే చూసి నాకు ఒళ్లు మండింది. టమాట వేసిన పప్పుకు మళ్లీ పులుపు కావాలా అని గయ్యిమన్నాను. పాపం ఆవిడ తప్పేముంది, ఇప్పుడొచ్చే కాయలకు తోలు మందం తప్ప రుచీ పచీ లేదు. ఆ కోపం నా మీద నాకున్నదేనని తెలియని వయసు కాదు నాది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, టమాటను వంటింట్లోకి రానివ్వడానికి మన పెద్దవాళ్లు ఎంత నసిగేవాళ్లో. వేంసూరులో మా నాయనమ్మ దాన్ని సీమ వంకాయ అనేది. ఎక్కడో సముద్రాల అవతల పుట్టి తెల్లవాళ్ల వెంట వచ్చిన కాయ తాతయ్య తద్దినంనాడు గడప తొక్కడానికి వీల్లేదనేది. ఈ రోజుకీ మా ఇంట్లో తద్దినానికి టమాట వండరు. అలాంటి ఇంట్లో పుట్టి, రైతులకు సేద్యం చెప్పే సర్కారు కొలువు దొరికి, పర్ణశాల అవతల ఒక అడవి పల్లెకు వెళ్లేసరికి, అక్కడ ఒక ముసలమ్మ పెరట్లో గోలీలంత టమాటలు గుత్తులు గుత్తులుగా కాసి ఉన్నాయి. తీర్థానికి వచ్చినవాళ్లు గోదారి ఒడ్డున వండుకు తిని పారేసిన చోట మొలిస్తే, వాళ్ల అత్త ఏరి తెచ్చిందట. కొత్త కాయ ఏదైనా ముందు వేల్పుకు పెట్టి గానీ వాళ్లు నోట పెట్టరు, ఈ పరాయి కాయకూ ఆ మర్యాద జరిగేది. ఒక్క కాయ వేస్తే చారు కుండంతా పుల్లగా ఉండేది.

నేను మాత్రం నా సంకర విత్తనమే గొప్పదని నమ్మి, ఆమెను బతిమాలి సగం పెరట్లో వేయించాను. అవి కాపుకొచ్చాక పై అధికారులు చూడటానికి వస్తున్నారంటే, ఆమె కోడలితో ముందురోజే గోడలు ఎర్రమట్టితో అలికించాను. ఆ పొద్దున ముసలమ్మ ఇప్పపూలు ఏరడానికి అడవికి పోయింది, కోడలు నీళ్లకు పోయింది. రాత్రి వానకు కట్టెలన్నీ తడిసి ఉన్నాయి, నేను టీ పెట్టాలి. చూరు కింద గోడకు, కోడలు కదపకుండా చుట్టూ అలికి వదిలేసిన నాలుగు పిడకలు ఎండి కనిపించాయి. కట్టెలు కొనుక్కునే ఊరివాణ్ణి కదా, మా ఇళ్లలో పిడక అంటే పొయ్యిలోకే. గుంజి మంట పెట్టాను. అధికారులు వచ్చి టీ తాగి మెచ్చుకుని పోయారు.

అడవిలో కట్టెలకు కరువా, వాళ్లు పిడకలు ఎందుకు చేస్తారన్న ఆలోచన నాకు తట్టలేదు. తొలకరికి ముసలమ్మ గోడంతా తడుముకున్నప్పుడు తెలిసింది, పేడలో కలిపి పురుగు పట్టకుండా దాచిన టమాట విత్తనమది. పెరట్లో చిన్న టమాట కాపు ఎప్పుడో అయిపోయింది, ఆ పల్లె మొత్తానికి ఉన్న దాని విత్తనం అంతే. ఆమె కోడలి మీద విరుచుకుపడింది.

"గోడ అలుకుడేంది, ఇత్తనం పెంటల పారబోసుడేంది! మా అత్త కాన్నుంచి వస్తున్న ఇత్తనమే!"

నేను అక్కడే నిలబడి ఉన్నాను. సారు కదా, విత్తనం కాల్చానని ఎలా చెప్పుకుంటాను? సంచీలోంచి నా విత్తనం పొట్లం తీసి ఇచ్చాను. అది ఆ ఏడు కాసింది. ఆ కాయల గింజలు దాచి మరుసటి ఏడు వేస్తే కొన్ని మొలవలేదు, మొలిచినవి ఎండు తెగులుకు పోయాయి. ముసలమ్మ పోయేదాకా కోడలు విత్తనం పోగొట్టిన మనిషిగానే ఆ ఇంట్లో మాటలు పడింది.

కిందటేడు చండ్రుగొండ సంతలో ఆ కోడలు కనబడింది. జుట్టంతా నెరిసింది, ముందు తట్టలో నున్నటి సంకర టమాటలే. సిగ్గు విడిచి అప్పుడు జరిగిందంతా చెప్పేశాను. ఆమె కాయలు సర్దుకుంటూనే ఉంది.

"ఎరికే సారూ. పొయ్యి బూడిద ఎత్తింది నేనే గదా. నేను చెప్తే ఎవరు నమ్ముతరు? మీరే చెప్తరేమోనని చూసిన."

ఇప్పుడు ఆ పల్లెలో సిమెంటు గోడలు, ఏటేటా దుకాణం నుంచి విత్తనం పొట్లాలు. టమాట లేకుండా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పగలిగిన ముసలివాళ్లు మాత్రం ఎవరూ మిగల్లేదు. నేను రిటైరైననాడు నాకు శాలువా కప్పి, ఆ అడవి పల్లెలకు టమాట తెచ్చిన మనిషి ఈయనేనని పొగిడారు. అప్పుడూ నేను నోరు విప్పలేదు.