నాలుగు పావులకు నిండని సేరు

మొన్న జల్‌పల్లిలో ఉంటున్న మనవరాలింటికి వెళ్తే ముందు గదంతా తడితడిగా ఉంది. పైకప్పు కారుతోందేమో అనుకుంటూ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని లోపలికి నడిచాను కదా, ఆమె పిల్లలిద్దరూ నేలమీద కూర్చుని రంగురంగుల ప్లాస్టిక్ గ్లాసులతో నీళ్ళు ఒకదాంట్లోంచి మరొకదాంట్లోకి పోసుకుంటున్నారు. ఈ నెలంతా వాళ్ళకు ఇల్లే బడట, పుస్తకం పక్కనబెట్టి అన్నీ చేతులతో చేసి నేర్చుకోవాలట, అందుకోసం మనవరాలు ఆఫీసుకు సెలవు కూడా పెట్టిందట. ఇదంతా నిన్న మొన్న పుట్టిన సంగతిలా ఆమె ఉత్సాహంగా చెబుతుంటే నేను బుద్ధిగా తల ఊపుతూ విన్నాను. నోరు విప్పితే ముసలమ్మ మళ్ళీ మొదలుపెట్టింది అంటారని భయం. మీరంతా నా ఈడువాళ్ళు, ఆ మాట అనరు, అందుకని మీతో చెప్పుకుంటున్నాను.

మాది కిషన్‌బాగ్‌లో పాలవాళ్ళ ఇల్లు. ముందు బర్రెల కొట్టం, వెనక మేము. చుట్టం ఎవరొచ్చినా బర్రెలను దాటుకుని గాని మా దాకా రాలేడు. నిజాం జమానా కాబట్టి బడిలో చదువంతా ఉర్దూలోనే, ఇంట్లో ఒకటి రెండు అనే పిల్లలు గడప దాటగానే ఏక్ దో అనాలి. నేను నాలుగో జమాత్ దాకా చదివాను, బాగానే చదివాను కూడా, ఈ వయసులో నా గొప్ప నేను చెప్పుకుంటే ఎవరికేం నష్టం! తమ్ముడు పుట్టాక అమ్మకు నడుం పట్టేసి వంగలేకపోతే, పేడ ఎత్తడానికి, కొట్టం ఊడవడానికి ఒక మనిషి కావాలని తొమ్మిదేళ్ళ నన్ను బడి మాన్పించారు. పలక మాత్రం చెల్లెలికి ఇచ్చెయ్యమన్నారు, ఇచ్చాను.

నాకు పదమూడేళ్ళు వచ్చిన ఏడు చలికాలంలో, బడి ఉన్న గల్లీలో ఎలుకలు చచ్చి పడుతున్నాయని తెలిసి, ప్లేగు భయంతో నెల రోజులు బడి మూసేశారు. చెల్లెలికి అప్పుడు ఏడేళ్ళు. మూసేసే ముందు రోజు పంతులమ్మ మా నాన్నను, మేము బాపు అనేవాళ్ళం, పిలిపించి, ఈ పిల్లకు లెక్కలు ఒంటబట్టడం లేదు, ఇంటిపనిలో పెట్టుకోవడం మేలని చెప్పిందట. బాపు కఠినమైన మనిషి కాదు, కాని పెద్ద చదువులవాళ్ళు ఏది చెబితే అది రాతిమీద గీత అనుకునేవాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే తేల్చేశాడు. "నెల దినాలు చూస్త. దీనికి లెక్కలొస్తె మళ్ల బడికి తోలుత, లేకుంటె ఇది గూడ బర్లకాడికే."

నేను నేర్పుతానన్నాను. చెల్లెలి మీద ప్రేమతోనే అన్నాను, అందులో అబద్ధం లేదు. కాని లోపల ఇంకొక ఆశ కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. నేను ఎంత బాగా నేర్పగలనో చూస్తే బాపు మనసు కరిగి, పెద్దదాన్ని కూడా ఇంకో రెండేళ్ళు చదివిద్దాం అంటాడేమోనని.

పలక ఒకటే కాబట్టి పొయ్యిలో బూడిద తెచ్చి అరుగు మీద పలచగా పరిచి, వేలితో దిద్దించేదాన్ని. జొన్నరొట్టెల పిండి చిదిమి, పేనిన తాళ్ళలా చేసి అంకెలు వంచితే, నాలుగేళ్ళ తమ్ముడు ఎనిమిదిని ముందు నోట్లో పెట్టుకునేవాడు. వాడి చదువు ఆ నెలంతా అలాగే కడుపులోకి పోయింది. నాలుగో ఎక్కం మాత్రం కొట్టంలోనే చెప్పాను. బర్రెకు నాలుగు చన్నులు, రెండు బర్రెలకు ఎనిమిది అంటూ తోక దెబ్బలు తప్పించుకుంటూ వరసగా నడిపిస్తే, ఆరు బర్రెలకు ఇరవైనాలుగు రావాల్సిన చోట మా చెల్లెలు ఇరవైమూడు అంది. ఇంకోసారి అడిగినా ఇరవైమూడే. చివరికి చూస్తే, మూలనున్న ముసలి బర్రెకు ఒక చన్ను ఎండిపోయి ఉంది, దాన్ని ఆమె లెక్కలో వేసుకోలేదు! నేను పకపకా నవ్వి, మొద్దుదానా అని నెత్తిన మొట్టాను. అది తెలివి అని నాకు తట్టనే లేదు.

మూడో వారంలో కొలతలు మొదలుపెట్టాను. పాలు కొలిచే ఇత్తడి పాత్రలు రెండు ఇంట్లోనే ఉన్నాయి, ఒకటి సేరు, ఒకటి పావుసేరు. పాలతో ఆడితే అమ్మ ఊరుకోదు కనుక, కుండలో నీళ్ళు పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాం. చార్ పావ్ ఏక్ సేర్ అని బడిలో పాడి పాడి నేర్చుకున్నదాన్ని కదా, నాలుగు పావులు పొయ్యి, సేరు నిండుతుంది అన్నాను. ఆమె పోసింది. "నిండలేదక్కా, ఇంకింత పడ్తది" అంది. ఒలకబోసి ఉంటావన్నాను. మళ్ళీ పోసింది, మళ్ళీ అదే మాట. రెండు రోజులు ఇదే గోల. బాపు పెట్టిన గడువు దగ్గరపడుతోంది, ఇంత చిన్న ముక్క కూడా రాకపోతే ఇద్దరం మునిగినట్టే. మూడో రోజు చెంప మీద ఒక్కటిచ్చాను. ఏడుస్తూ కూడా ఆ మొండిది నాలుగుకు నిండుతుందని అనలేదు.

సరిగ్గా అప్పుడే, దగ్గర్లోని హవేలీలో వంట చేసే పెద్దామె, మేమంతా ఖాలా అని పిలిచే ఆమె, పాలకోసం గిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. పాలవాళ్ళ ఇంట్లో, పట్టపగలు, పాల కొలతలో నీళ్ళు! పాలమ్మేవాళ్ళ పిల్లలు చెయ్యకూడని పని ఏదైనా ఉందంటే అదే, అది నా తలకు ఎక్కలేదు. ఆమె బుగ్గలు నొక్కుకుంది. "యా అల్లా! దూధ్ మే పానీ? గిట్లనా భాయ్, మా హవేలీకి పోస్తున్నది?" అని ఆమె పెట్టిన కేకకు ఇరుగుపొరుగు గోడలెక్కి చూశారు. బాపు కొట్టంలోంచి గడ్డి చేతులతో పరుగెత్తుకొచ్చాడు. నేను అది పాఠమని, నీళ్ళతోనే కొలతలు నేర్పుతున్నానని చెప్పాను. ఎవరు నమ్ముతారు? బాపు ముఖం కందగడ్డయింది. అందరిముందూ చెల్లెలి వైపు తిరిగి, "గట్లయితె చెప్పు, సేరుకు ఎన్ని పావులే?" అన్నాడు.

నాలుగు అను తల్లీ అని కళ్ళతో బతిమాలాను. ఆమె నా వైపు చూసింది, చెంప తడుముకుంది. "నాలుగు పోస్తె నిండది బాపూ" అంది.

ఎవరో నవ్వారు. బాపు విసురుగా పావుసేరు అందుకుని, ఖాలా చూస్తుండగా తన చేత్తోనే పోశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. సేరు అంచుకు వేలెడు తక్కువగా నీళ్ళు ఆగిపోయాయి. బాపు పావుసేరును తిరగేసి వెలుతురుకు పట్టి చూశాడు, అడుగున లోపలికి ఇంత సొట్ట. ఏ బర్రె ఎప్పుడు తన్నిందో ఏమో! పిండిన పాల మీద ఎప్పుడూ నురుగే కదా, ఆ నురుగు కింద ఆ కొరత ఇన్నాళ్ళూ మా కంట పడలేదు. నోటికొచ్చిన పాట చేతిలో ఉన్నదాన్ని చూడనివ్వదని ఆ రోజు నాకు తెలిసింది.

కావాలంటే బాపు బుకాయించవచ్చు. ఆయన ఖాలా ముందు చేతులు జోడించాడు. "నా కండ్లు మూసుకపోయినయ్ అమ్మా. తెల్వక తక్వ పోసిన. హవేలీకే గాదు, అందరికి పోసిన." ఖాలా చెల్లెలి తల నిమిరి, తన గిన్నె ముందుకు చాపింది. మర్నాడే బాపు పత్తర్‌గట్టి వైపు వెళ్ళి ఆ సొట్ట తీయించుకొచ్చాడు. ఆ తర్వాత చాలా కాలం, పావు తీసుకునే ప్రతి ఇంటికీ కొసరు పోసేవాడు, ఎందుకని అడిగినవాళ్ళకు దాచకుండా చెప్పేవాడు.

బడి తెరిచిన రోజు చెల్లెలికి తల దువ్వి రెండు జడలు వేస్తుంటే బాపు వచ్చి పక్కన కూర్చున్నాడు. "నువ్ మస్తుగ చెప్పినవ్ బిడ్డా. ఇగ దీని ఫికర్ లేదు, బర్లకాడ నువ్వున్నవ్ గద, దీన్ని చదువుకోనిద్దం" అన్నాడు. ఎంత ఆప్యాయంగా అన్నాడో! నేనూ నవ్వుతూనే తల ఊపాను.

చెల్లెలు చదువుకుంది, పంతులమ్మ అయింది, ఎంతమంది ఆడపిల్లలకు లెక్కలు నేర్పిందో. ఇప్పటి తల్లులు ముచ్చటపడి పిల్లల్ని నెల రోజులు బడి నుంచి ఇంటికి తెచ్చుకుంటున్నారు, నాకది తప్పుగా తోచదు. బడి తలుపు ఎప్పుడంటే అప్పుడు తెరుచుకుంటుందనే ధీమా ఉన్నవాళ్ళకు అది పండగే. మా కాలంలో ఇంట్లో ఉండిపోవడమంటే అదే ముగింపు. బడి తెరిచిన ఆ ఉదయం నాకు సంతోషంగా ఉందని ఇన్నేళ్ళూ అందరితో చెబుతూ వచ్చాను. చెల్లెలు పోయి రెండేళ్ళయింది కాబట్టి ఇప్పుడు నిజం చెప్పవచ్చు. ఆమె గల్లీ మలుపు తిరిగేదాకా నవ్వుతూ నిలబడ్డాను, తిరిగాక కొట్టంలోకి వెళ్ళి ఆ ముసలి బర్రె మెడ పట్టుకుని, నన్ను కూడా పంపమని ఒక్కసారైనా నోరు తెరిచి ఎందుకు అడగలేదా అని వెక్కి వెక్కి ఏడ్చాను.