బుధగ్రహం మీద గుట్ట

నేను పొరపాటు ఒప్పుకున్న సందర్భాలు తక్కువ. ఒప్పుకోవలసిన మనిషి దగ్గర అసలే ఒప్పుకోలేదు.

ఆ రోజుల్లో పద్మారావు నగర్‌లో ఒక బళ్ళో నేను సైన్సు, ఆమె లెక్కలు చెప్పేవాళ్ళం. ఆమె అల్వాల్ నుంచి బస్సులో వచ్చేది. మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళు తాతల నాటి నుంచీ ఇక్కడివాళ్ళే. ఆమె తెలుగును నేను దిద్దేదాన్ని, నా పప్పుకు ఆమె వంక పెట్టేది. మధ్యాహ్నం ఒకే బెంచీ మీద రెండు డబ్బాలు విప్పి కొట్లాడుకోవడం మాకు అలవాటు.

సైన్సు ఎగ్జిబిషన్‌కని, సికింద్రాబాదులో పేవ్‌మెంటు మీద కొన్న పాత పత్రికలోంచి బుధగ్రహం ఫొటో ఒకటి కత్తిరించాను. కింద రాసిన వివరం కత్తెరకు పోయింది. ఫొటోలో పెద్ద గుండ్రటి ఉబ్బు కనిపించింది. అగ్నిపర్వతమని తేల్చేసి, పిల్లల చేత బంకమట్టితో బోర్లించిన మూకుడంత గుట్ట చేయించాను.

ఆమె వచ్చి ఫొటోను తలకిందులు చేసింది. "ఏందే, గిది గుంత. ఏదో పెద్ద రాయొచ్చి గుద్దింది. నీడ దిక్కు చూడు జెర."

నిజంగానే, తిప్పగానే ఉబ్బు లోపలికి పోయింది. నాకు కనిపించింది. అయినా పిల్లల ముందే అన్నాను: "లెక్కల టీచర్లు లెక్కలు చూసుకుంటే చాలు."

ఎగ్జిబిషన్ రోజు, చూడవచ్చిన అధికారి గుట్ట ముందు ఆగి, పక్కనే అంటించిన ఫొటో చూసి, ఇది గుంట కదమ్మా అన్నాడు. పక్క బల్ల దగ్గర్నుంచి ఆమె వచ్చి, వెలుతురు కంటిని ఎలా మోసం చేస్తుందో చెప్పడానికే అలా పెట్టామంటూ ఫొటో తిప్పి చూపించింది. ఆయన మెచ్చుకుని వెళ్ళాడు.

స్టాఫ్ రూములో నేను ఆమెకు చెప్పింది కృతజ్ఞత కాదు. నా బల్ల దగ్గర పెత్తనం చేయడానికి బాగా సందు దొరికిందే అన్నాను.

"నీ ఇజ్జత్ పోతదని వచ్చిన," అంది.

మర్నాటి నుంచి వేరే గదిలో కూర్చుని తిన్నది. వేసవి సెలవుల్లో సర్కారు ఉద్యోగం వచ్చి కరీంనగర్ వైపు వెళ్ళిపోయింది.

కొత్త బడి చిరునామా సంపాదించి ఉత్తరం రాశాను. నీదే నిజం అని మొదలుపెట్టి, నన్ను పక్కకు పిలిచి చెప్పివుండవచ్చుగా అంటూ రెండో పేజీకి వెళ్ళాను. చించేశాను. రెండో ఉత్తరమూ అంతే. మూడోదానిలో, నువ్వు లేక బాగాలేదు, ఒకసారి రా, అని మాత్రం రాసి, మళ్ళీ చదవకుండా పోస్టు చేశాను.

జవాబు రాలేదు. తప్పు ఆమెదేనని ఇన్నేళ్ళుగా నాలో నేనే వాదిస్తున్నాను. ఎదురుగా ఆమె లేక ఒక్కసారీ గెలవలేకపోతున్నాను.