సంతకం పెట్టనివ్వని బాబాయ్

మా ఎదురింటి బాబాయ్ పోయి పన్నెండు రోజులైంది. పొద్దున్నే పాల ప్యాకెట్లతో వచ్చి వాళ్ల గుమ్మం దగ్గరే కూలబడిపోయారు. పిన్ని వచ్చి మా తలుపు కొట్టేసరికి నేను మా పాపకి జడ వేస్తున్నాను. సగం జడతో వదిలేస్తే అది తట్టుకోలేదు. పూర్తిగా వేసి, రిబ్బను కట్టి, అప్పుడు వెళ్లాను. అప్పటికే ఆయన లేరు.

మాకు చుట్టరికమేమీ లేదు. మల్కాపురంలో మేం అద్దెకుంటున్న ఇంటికి ఎదురిల్లు వాళ్లది. పోర్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. పాపకి ఆటిజం అని డాక్టరు చెప్పిన ఏడాది, రోజూ స్కూలు గేటు దగ్గర నన్ను చూసి ఎందుకు నిలబడ్డావని అడిగింది ఆయనొక్కరే. గంట కొట్టగానే పాప చెవులు మూసుకుని బయటికి పరిగెడుతుందని, తీసుకెళ్లిపొమ్మని ఫోన్ వస్తుందని, అందుకే ఇంటికి వెళ్లడమే మానేశానని చెప్పాను. మా ఆయనది పరవాడలో షిఫ్టు డ్యూటీ. పాప కోసం స్కూలుకి వచ్చేది నేనే.

"నోటితో అడిగితే అవదమ్మా. రాసియ్యి. నకలు మీద అందినట్టు సంతకం ఎట్టించుకో," అన్నారు.

మొదటి అర్జీ ఆయనే రాసుకొచ్చారు. అందులో ‘మందబుద్ధి గల బాలిక’ అని ఉంది. కాగితం ఆయన చేతిలోనే పెట్టేసి లోపలికి వచ్చేశాను. నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు పెన్ను పట్టుకుని వచ్చారు. "తప్పు రాసినానమ్మా. నాకు తెలీదు. నువ్వు సెప్పు, నాను రాత్తాను."

ఆ సాయంత్రం చెప్పుకుంటూ పోయాను. గంట కొట్టేముందు పాపకి ఓ మాట చెప్పాలి. కిటికీ పక్కన చోటివ్వాలి. వారానికి రెండుసార్లయినా ప్రత్యేక టీచరు రావాలి. ఏం కావాలో అంత విడిగా అప్పటిదాకా నేనూ అనుకోలేదు.

తర్వాత అంతా తిరుగుడే. ఆటిజం సర్టిఫికెట్ కోసం ఓ చోటికి, ప్రత్యేక టీచరు ఆర్డరు కోసం ఇంకో చోటికి. బస్సులు, బెంచీలు, రేపు రమ్మనడాలు. బాబాయ్ సంచిలో మరమరాలు తెచ్చేవారు. పాప ఒక్కొక్కటే ఏరుకుని తినేది. ఆయన దాన్ని పలకరించేవారు కాదు, కాస్త జరిగి చోటిచ్చేవారు. అది ఒక్కసారీ తాతా అని పిలవలేదు. పిలిపించాలని ఆయనా చూడలేదు.

దసరా సెలవులయ్యాక హెడ్మిస్ట్రెస్ పిలిచి ఓ కాగితం ముందు పెట్టారు. మా ఇష్టపూర్వకంగానే పాపని మాన్పించుకుంటున్నట్టు రాసుంది. ఆవిడ చెడ్డగా మాట్లాడలేదు. గదినిండా పిల్లలు, ఒక్క టీచరు, ఏం చెయ్యమంటారని అడిగారు. ఆవిడా అలిసిపోయే ఉన్నారు. నేను పెన్ను అందుకున్నాను. నిజం చెప్పాలంటే, ఇక తిరగక్కర్లేదు కదా అని ప్రాణం తేలికపడింది.

నాతో వచ్చి పక్కనే ఉన్న బాబాయ్ అడిగారు. "మాన్పించడం నీకిష్టమేటమ్మా?"

"కాదు బాబాయ్. ఓపిక లేదు."

"అయితే ఓపిక లేదని రాయి. ఇష్టమని రాయకు."

నా చెయ్యి ఆగిపోయింది. ఆయన హెడ్మిస్ట్రెస్ వైపు తిరిగి, పాపని ఉంచుకోలేమని స్కూలు తరఫున రాసిమ్మని మర్యాదగానే అడిగారు. అలా రాసిస్తే మాట స్కూలు మీదికి వస్తుంది. ఆవిడ ఆ కాగితం వెనక్కి తీసుకుని సొరుగులో పెట్టేశారు.

కిటికీ పక్కన చోటు ఆ వారమే దొరికింది. ప్రత్యేక టీచరుని వేస్తూ ఆర్డరు రావడానికి మరో ఏడు నెలలు పట్టింది. అది ఆయనుండగానే వచ్చింది. రెండుసార్లు చదివి, "ఏ రోజుల్లో వత్తారో రాయలేదు. అడుగు," అన్నారు. అంతే, సంబరమేమీ లేదు. మర్నాడు ఆఫీసుకి వెళ్లి అడిగాను. మంగళవారం, శుక్రవారం అన్నారు. తిరిగొచ్చి చెబితే తలూపారు.

మొన్న మంగళవారం ఆ టీచరు మొదటిసారి వచ్చింది. పదకొండింటిదాకా గేటు దగ్గర నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. ఇంటికొచ్చి, కాసేపే కదా అని నేలమీద నడుం వాల్చాను. మెలకువ వచ్చేసరికి స్కూలు విడిచే వేళ దాటిపోయింది.

పరిగెత్తాను. ఆవరణ ఖాళీ. వరండాలో పాప, దానికి కాస్త దూరంలో ఆ టీచరు. పాప బూట్లు విప్పేసి, చల్లటి గచ్చుకి అరికాళ్లు ఆనించి, మెల్లగా ముందుకీ వెనక్కీ ఊగుతోంది. నాకోసం వెతకడం లేదు. నేనూ చెప్పులు వదిలి దాని పక్కన కూర్చున్నాను. గచ్చు నిజంగానే చల్లగా ఉంది.