పరాయి చేతి ముద్ద

కైకలూరు నుంచి ఏలూరు వెళ్లే బస్సులో నా పక్కన చేపల చెరువు పనికెళ్లే ఒకావిడ కూర్చుంది. కిటికీ దగ్గర ఆవిడ కూతురు. పిల్ల చేతులు పుల్లల్లా ఉన్నాయి.

"ఏం జబ్బమ్మా?" అన్నాను.

"సన్నబడాలని ఫోన్లో చూసి అన్నం మానేసిందండీ. డబ్బాలో పొడి కలుపుకుని తాగడమే. నిన్న కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తున్నానండీ."

"చేపలకి తవుడు బస్తాలు పోస్తారు కదే, నీ కడుపేం పాపం చేసింది?" అని పిల్లని కసిరాను. పిల్ల మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

ఆవిడ పెరుగన్నం గిన్నె నా ఒళ్లో పెట్టింది. "నేను పెడితే తినదండీ. పెద్దవారు, మీరు పెడితే కాదనదేమో. ఒక్క ముద్దండీ."

పెట్టాను. పిల్ల నోరు తెరిచింది. తల్లి నాకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది.

ఏలూరులో దిగేదాకా ఆ ముద్ద పిల్ల బుగ్గలోనే ఉంది. మింగలేదు, ఉమ్మలేదు.

ఇప్పటికీ అన్నం కలుపుకుంటే, మొదటి ముద్ద మింగడానికి నాకు కాసేపు పడుతుంది.