ఎండిన మడకొమ్మలు

ఉప్పుకాలవ గట్టున మడ అడవి మళ్ళీ పెరిగిందని తిరుపతిలో ఉన్న నాకు మొదట చెప్పింది తడలోని మా ఆడపడుచు. సంతోషంతో దండం పెట్టుకున్నాను. వెళ్ళి చూశాక తల ఎత్తలేకపోయాను.

తుపాను వచ్చిన ఏడు మా కాపురం అక్కడే. ఆ తుపానుకు చచ్చిపోయిన మడచెట్ల కొమ్మలను గుడిలో అన్నదానానికి వంటకట్టెలుగా కొట్టించింది నేనే. పీతలు పట్టే అవ్వ ఒకామె అడ్డం వచ్చింది. ఆమె బురదలో కాలి బొటనవేలితో తడిమి చూసుకుని గానీ అడుగు వేసేది కాదు. మొలక తగిలితే కాలు పక్కకు తీసేది.

“ఎత్తుకపోవద్దమ్మా. నీళ్ళల్లో కొట్టుకొచ్చే ఇత్తనాలు ఈ కొమ్మలకు తట్టుకొనే ఈడ నిలబడేది.”

“దేవుడి వంటకవ్వా. నీకూ పుణ్యమే.”

“మీ దేవునికి యాడా కట్టెలు దొరకలేదా తల్లీ?” అని నవ్వింది.

నేను బండి నింపించాను. ఆమె మిగిలిన కొమ్మల ముందు బుట్ట పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది.

ఎవరూ నాటకుండానే ఆమె కూర్చున్న వైపు ఇప్పుడు మడ నడుమెత్తు పెరిగింది. నేను ఖాళీ చేయించిన వైపు ఉత్త బురద. క్షమించమని అడుగుదామంటే, అవ్వ పోయిన ఏడే కన్నుమూసిందట. పేరైనా అడిగి ఉండలేదు నేను.

మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు ఆమెను ఒక్కసారి తలుచుకోండి.