ఎలుగుబంటికి వేసిన పాచికలు

నాకు ఓడిపోవడం చేతకాదు. బడిలో పిల్లలతో క్యారంబోర్డు ఆడి ఓడినా మొహం ముడుచుకునే రకాన్ని. అలాంటివాడి చేతికి, తొంభైల చివర్లో, విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదివే మా తమ్ముడు ఒక జిరాక్సు పుస్తకం తెచ్చి పెట్టాడు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట అది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు అందులో వీరులు. గుహలో ఏముందో, ఎవరు మీద పడ్డారో నడిపేవాడు చెబుతాడు. ఏం చేస్తారో వీరులు చెబుతారు. గెలుపోటములు పాచికలు తేలుస్తాయి.

అప్పుడు నేను అరకు దగ్గర ఒక బడిలో టీచర్ని. క్వార్టర్స్‌లో పొద్దు వాలితే చలి, కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆదివారాలు నేను కథ నడిపేవాణ్ణి. మా ఆవిడ ఒక వీరురాలు. పక్కింట్లో అద్దెకుండే మా మిత్రుడు ఇంకో వీరుడు. కాఫీ తోటల ఆఫీసులో అతనికి ఉద్యోగం, చింతపల్లి పైన కొండల్లో వాళ్ళ ఊరు. ఇంకా పెళ్ళి కాలేదు కాబట్టి ఆదివారం భోజనం మా ఇంట్లోనే.

ఆ పుస్తకంలో నాకు భలే నచ్చిన నియమం ఒకటుంది. శత్రువులు ఊరికే చచ్చేదాకా పోరాడరు. దొంగైనా జంతువైనా ప్రాణం మీద తీపి ఉంటుంది కదా! అందుకని ప్రతిదానికీ ఒక అంకె ఉంటుంది. దాన్ని మేము నిబ్బరం అనేవాళ్ళం. పక్కవాడు పడిపోయినా, పెద్ద బెదురు ఎదురైనా, నడిపేవాడు రెండు పాచికలు వేస్తాడు. మొత్తం ఆ అంకె దాటితే గుండె జారి పారిపోతారు. దాటకపోతే నిలబడతారు.

ఈ నియమం నాకంటే మా మిత్రుడికి ఎక్కువ నచ్చింది. అతను కత్తి తీసేవాడే కాదు. డప్పు కొడతానంటాడు, మంట పెడతానంటాడు, అన్నిటికంటే ముందు "ఆళ్ళు ఎల్లిపోడానికి దారుందా?" అని అడుగుతాడు. ఉందంటే చాలు, "ఇప్పుడెయ్యండి మాస్టారూ నిబ్బరం" అని నా వెంటపడతాడు.

"ఏటండీ, వారమంతా కూకుని రాసుకున్న దొంగలు గుమ్మం దగ్గరే పారిపోతన్నారు?" అని మా ఆవిడ పకపకా నవ్వేది. నాకు ఒళ్ళు మండేది.

అతనలా ఎందుకు ఆడతాడో మా ఇద్దరికీ తెలుసు. ఒక వానాకాలం సాయంత్రం తనే చెప్పాడు. పనసపళ్ళ కాలంలో వాళ్ళ ఊళ్ళోకి ఎలుగుబంట్లు దిగుతాయి. మనుషులు మూడు పక్కల నిలబడి డబ్బాలు వాయిస్తారు. నాలుగో పక్క ఖాళీగా వదిలేస్తారు. అది ఆ దారిన కొండెక్కిపోతుంది, ఎవరికీ ఏమీ కాదు. అతని చిన్నప్పుడు ఒకసారి, చూడాలన్న సరదాతో, వద్దన్నా వినకుండా వెళ్ళి ఆ ఖాళీగా వదిలిన వైపే నిలబడ్డాడు. అటుగా వచ్చిన ఎలుగుబంటి అతన్ని చూసి బెదిరి వెనక్కి తిరిగింది. వెనక వాళ్ళన్న ఉన్నాడు. బతకలేదు.

"మా యమ్మ ఇప్పటిదాకా నన్నొక్క మాట అన్లేదు మాస్టారూ. తిట్టినా బాగున్ను. నానక్కడ లేకపోతే అది ఎల్లిపోయీదా, కాదా? అదొక్కటీ తెలిస్తే సాలు నాకు," అన్నాడు.

ఇది విన్న తర్వాత కూడా, ఆ చలికాలం నా కథలోకి ఎలుగుబంటిని తెచ్చాను. పొరపాటున తెచ్చానని చెప్పుకోగలిగితే ఎంత బాగుండేది! ఈసారైనా ఈ మనిషి కంగారుపడతాడు, ఆట రక్తి కడుతుంది అనుకునే తెచ్చాను. ఛీ, అలా అనుకోవడానికి మనసెలా వచ్చిందో.

"గుహలోంచి ఎలుగుబంటి బయటికొచ్చింది," అన్నాను.

అతను కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. మా ఆవిడ నన్ను గుర్రుగా చూసింది. అతను ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. మా ఆవిడ వీరురాలు ఎడమ పక్క, తను కుడి పక్క, గుహ నోటి దగ్గర మంట. వాగు వైపు మాత్రం ఎవరూ ఉండకూడదు.

"ఆ పక్క ఎవలూ లేరు మాస్టారూ. బాగా సూసుకోండి, ఖాళీ. ఇప్పుడెయ్యండి," అన్నాడు.

పుస్తకం అడ్డం పెట్టుకుని వేశాను. ఎలుగుబంటి నిబ్బరం ఏడు. పాచికల మీద ఒక ఐదు, ఒక ఆరు. పదకొండు! వెనక్కి చూడకుండా పారిపోవాలి.

మళ్ళీ నా జంతువు తోక ముడవాలా? మళ్ళీ మా ఆవిడ నవ్వాలా? అంతే, నా బుర్రలో ఇంకేమీ లేదు. పాచికలు గుప్పెట్లోకి లాగేసుకున్నాను.

"నాలుగే పడింది. బెదరలేదు. మీదికొస్తోంది," అన్నాను.

"దారి ఒగ్గీసేను కదా?"

"వదిలేశావయ్యా. అయినా పోలేదు."

కోప్పడతాడనుకున్నాను. అతను కుర్చీలో వెనక్కి వాలి పెద్ద ఊపిరి వదిలాడు.

"అయితే ఆ పక్క ఎవలూ లేకపోయినా పోదన్నమాట," అన్నాడు. "ఆటేనని తెలుసు మాస్టారూ. అయినా..." అని ఏడుస్తూనే నవ్వాడు. మా ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

పడింది పదకొండని చెప్పకపోతే మోసం. చెబితే వాళ్ళన్న చావు మళ్ళీ తెచ్చి అతని మెడకే చుట్టినట్టు. అతను వెళ్ళిపోయాక మా ఆవిడ "మంచి పనే అయింది లెండి" అంది. ఆవిడకీ నిజం చెప్పలేదు. ఆ తర్వాత ఆదివారాలు పాచికలు అందరి కళ్ళముందే వేసేవాణ్ణి. అతను మాత్రం హుషారుగా కత్తి దూసి ముందుకు దూకేవాడు, గెలిస్తే ఈల వేసేవాడు. ఆ ఈల వినిపించినప్పుడల్లా నాకు లేచి బయటికి పోవాలనిపించేది.

కాఫీ పళ్ళ కోతలయ్యాక అతను ఊరెళ్ళి వచ్చాడు. జీపు దిగి, ఇంటికి కూడా పోకుండా, సంచీతో తిన్నగా మా గుమ్మంలోకొచ్చాడు.

"మా యమ్మకి సెప్పీసేను మాస్టారూ."

"ఏం చెప్పావు?"

"దారిచ్చినా ఎలుగ్గొడ్డు ఒక్కోపాలి పోదంట, అన్న పోయింది నా వల్ల కాదంట అని. ఎవలు సెప్పారంది. మాస్టారు పుస్తకం సూసి సెప్పారన్నాను. సానాసేపు ఏడిసింది. ఇన్నాళ్ళకి మా అన్న పేరు నా ముందర ఎత్తింది మాస్టారూ! రాత్రంతా వోడి కబుర్లే సెప్పింది."

లోపలికి రమ్మని అతని సంచీ అందుకున్నాను.

"మాస్టారు సెప్పారంటే నిజమే అయ్యుంటాదిరా, అంది. నిజమే కదా మాస్టారూ?"

"నిజమే," అన్నాను.